విమలక్క అనుమానాలు

నిన్న మా గల్లీ చివరింట్లో కొత్త తలుపులకు వార్నిష్ వేస్తున్నారు. కూరగాయల సంచితో ఆ ఇంటి ముందు నుంచి వస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలి కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. పనిచేస్తున్నతను తలెత్తి నన్ను కాస్త తేడాగా చూశాడు. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. ఒకప్పుడు ఆ వాసన మా డాబా మీద నెలల తరబడి ఉండేది. బట్టలు ఆరేస్తే బట్టలకు, వడియాలు పెడితే వడియాలకు పట్టేది. దాని వెంబడే విమలక్క గొంతు వినిపించేది. "ఆరిందని నువ్వంటున్నవ్. నేను ముట్టి చూస్తే గని నమ్మ" అని భర్తతో అంటూ ఉండేది.

విమలక్క పోయిన ఎండాకాలం చనిపోయింది. ఆమె గురించి చెప్పమంటే మా గల్లీలో ఎవరైనా ముందు చెప్పే మాట ఒకటే, దేన్నీ నమ్మని మనిషి అని. అది నిజమే. కాకపోతే ఆమె మా ఇంట్లోకి అద్దెకు వచ్చిన కొత్తలో నమ్మనివాళ్లం మేము, నమ్మకం కుదరనిది ఆమె మీద. అక్కడి నుంచి చెబితేనే మీకు అర్థమవుతుంది.

మా ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ నుంచి నడిచి వచ్చే దూరంలో ఉంది. కింద మేముంటాం, పైన ఒక పోర్షన్ అద్దెకిస్తాం. నాకు పెళ్లయి ఏడాది తిరిగిందో లేదో, ఆ పోర్షన్‌లోకి విమలక్క, ప్రభాకర్ అన్న దిగారు. ఆమె టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరికీ యాభై దరిదాపుల్లో ఉంటాయి. పిల్లలు లేరు. క్రైస్తవులు కాబట్టి, రోజూ డ్యూటీ, ఆదివారం చర్చి అనుకున్నాం. కానీ శనివారం డ్యూటీ అయిందంటే చాలు, ఇద్దరూ తలకంటే ఎత్తున్న సంచులు వీపుకు తగిలించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆదివారం సాయంత్రం మోకాళ్ల దాకా మట్టితో, ముళ్లు గీరిన చేతులతో తిరిగి వచ్చేవాళ్లు. సంచుల్లోంచి తాళ్లు, గిన్నెలు, ఒక చిన్న పార బయటికి తొంగిచూసేవి.

ఆ పార మా అత్తమ్మకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. పాత కోటల్లో, గుట్టల మీద రాజులు దాచిన బంగారం కోసం చాటుగా తవ్వేవాళ్ల సంగతులు మా వైపు తరచూ వింటుంటాం. అత్తమ్మకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఎదురింటి ఖాజా భాయ్‌ది టెంట్‌హౌస్, పెళ్లిళ్లకు షామియానాలు వేయిస్తాడు. ఆయన అనుమానం ఇంకో దారిలో వెళ్లింది. "గా మియాబీవీ సర్కారోళ్లమ్మా. రోడ్డు వెడల్పు చేసేందుకు చాటుంగ కొలతలు తీసుకుంటున్నరు" అని అత్తమ్మతో అన్నాడు. ఆ వారమంతా అత్తమ్మ మా గోడ వంక దిగులుగా చూస్తూ గడిపింది.

నా అనుమానం వీటిలో ఏదీ కాదు. వాళ్లు నవ్వుకునేవాళ్లు. మెట్ల మీద షూలకంటిన మట్టి దులుపుకుంటూ, తాళ్లు ఆరేస్తూ ఏదో మాట్లాడుకుని నవ్వేవాళ్లు. కార్వాన్‌లోని మా పుట్టింట్లో గానీ, మెట్టిన ఇంట్లో గానీ మొగుడూపెళ్లాలు గ్యాస్ సిలిండర్ గురించి, కరెంటు బిల్లు గురించి మాట్లాడుకోవడమే విన్నాను. ఆ వయసులో ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు కాలక్షేపం చేయడానికి అంత దూరం వెళ్తారంటే నాకు మింగుడుపడలేదు. వాళ్లు అసలు భార్యాభర్తలేనా అని కూడా అనుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం అత్తమ్మ నన్ను డాబా మీది కరివేపాకు కోసమని పైకి పంపింది. కరివేపాకు ఒక సాకు. విమలక్క మెట్ల దగ్గర కూర్చుని తాడును వేళ్లతో జానెడు జానెడు తడుముకుంటూ చూస్తోంది. మందపాటి అద్దాలు, పొట్టి మనిషి, నెరిసిన జుట్టుకు రిబ్బను. తలెత్తకుండానే, "ఏం చూస్తున్నవ్ సునీతా? అడగరాదు?" అంది.

తడబడుతూనే, "పార ఎందుకక్కా?" అన్నాను.

ఆమె నవ్వలేదు, నొచ్చుకోలేదు. "మీ అత్తమ్మను గూడ పిలువు. రెండుసార్లు చెప్పుడెందుకు" అంది. అత్తమ్మ రాగానే సంచి మొత్తం నేల మీద బోర్లించింది. గుడారం గుడ్డ, చిన్న స్టవ్వు, మందుల డబ్బా, టార్చిలైటు, అటుకుల పొట్లం. చివరికి పార చేతిలోకి తీసుకుని, "అడివిల లెట్రిన్ ఉండదు గదమ్మా. గుంత తీసి, అయినంక మట్టి కప్పిపెట్టనీకి" అంది. అత్తమ్మ మొహం చూడాలి. గబగబా మెట్లు దిగి వచ్చేసింది.

వచ్చి కూర్చున్నాక మళ్లీ మొదలుపెట్టింది. "బంగారం సంచిల లేదంటే గుట్ట మీదనే ఉన్నట్టు. సునీతా, నువ్వు గూడ పోయి చూసి రాపో." మా ఆయన నర్సింగ్ అన్నం తింటూ, "పోనీ, పోయి రా. నాకు గూడ తెలుస్తది" అని నవ్వాడు. కొత్త కోడలు సినిమాకు వెళ్తానంటేనే సవాలక్ష అడిగే ఇంట్లో, అలా నాకు గుట్టలెక్కడానికి అనుమతి దొరికింది.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి నల్లగొండ వైపు ఒక ఊరి దగ్గర దిగాం. ఊరి వెనక గుట్ట, దాని మీద కూలిపోయిన కోటగోడ. ప్రభాకర్ అన్న పాట పాడుకుంటూ చకచకా ముందు వెళ్లిపోయాడు. విమలక్క మాత్రం ఏ రాయి మీదా ఒకేసారి బరువు వేయలేదు. ముందు మునివేళ్లతో తట్టి, కొంచెం ఊపి చూసి, అప్పుడు కాలు మోపేది. "అన్ని రాళ్లు గట్టిగనే కనవడతయి. అడుగేసే ముందు అడుగు" అని నాతో అంది. పైనుంచి ప్రభాకర్ అన్న, "ఏం కాదు, రాండ్రి" అని కేకేశాడు. ఆమె, "ఎందుకు కాదు?" అని తిరిగి కేకేసింది. ఆ రెండు మాటలూ తర్వాత ఎన్ని వందలసార్లు విన్నానో.

సగం ఎక్కామో లేదో, కర్రలతో నలుగురైదుగురు మనుషులు మమ్మల్ని అడ్డుకున్నారు. "ఎవరు మీరు? ఏం తవ్వనీకి వచ్చిండ్రు?"

"ఏం లేదన్నా, ఊకెనే" అన్నాడు ప్రభాకర్ అన్న నవ్వుతూ. ఆ నవ్వుతో వాళ్ల మొహాలు ఇంకా బిగుసుకున్నాయి. విమలక్క సంచి దించి, ఒక బండ మీద సామానంతా పరిచింది. "పార గూడ ఉన్నది. నేనే ముందు చెప్తున్న" అంటూ దాన్ని చూపించి, అదెందుకో వివరించింది. వాళ్లలో ఇద్దరు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎర్ర తువాలు చుట్టుకున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"నేను నమ్మ. మీతోటి పైకొస్త" అన్నాడు.

"రా అన్నా. మూడు ముక్కలు చెప్పంగనే నమ్మితే నాకు పరేషాన్ అయితుండె" అంది విమలక్క.

ఆయన నిజంగానే వచ్చాడు. పైన గోడ చుట్టూ తిరిగి, ఎక్కడైనా కొత్తగా తవ్విన మట్టి ఉందేమోనని వెతికాడు. మేం విప్పిన పులిహోర మాతోపాటు తిన్నాడు. తిన్నాక చుట్టూ చూసి, "గిది చూడనీకే వచ్చిండ్రా?" అని అడిగాడు.

"గిది చూడనీకే."

"పైసలు పెట్టుకొని?"

"పెట్టుకొని."

ఆయన గోడ అంచుకు వచ్చి కిందికి చేయి చాపాడు. "అగో, నా పొలం. ఇన్నేండ్ల సంది నేను ఒక్కపారి గూడ పైకి రాలె" అన్నాడు. అంత మాట అన్న మనిషి, గుట్ట దిగాక మా సంచులు మళ్లీ ఒకసారి విప్పించి చూసుకునే ఇంటికి పోయాడు. నేనూ ఆయనలాంటిదాన్నే. ఆ రోజు గాలి బాగుంది, ఎండ బాగుంది, నా ఒళ్లు తేలికపడింది. అయినా బస్సులో ముందు సీట్లో నిద్రపోతున్న వాళ్లిద్దరినీ చూస్తూ, దీని వెనక ఇంకేదో ఉంటుందనే అనుకున్నాను.

"ఏం దొరికింది?" అని అడిగింది అత్తమ్మ. ఏమీ దొరకలేదని చెప్పాను. "నీకు చూపెట్టలె. మళ్ల పో" అంది. అత్తమ్మ అనుమానం పుణ్యమా అని ఆ చలికాలమంతా నేను వాళ్ల వెంట తిరిగాను. గుడారం వేయడం, పొడి పుల్లలు ఏరడం, మబ్బు చూసి దారి మార్చుకోవడం అప్పుడే నేర్చుకున్నాను. విమలక్క పాఠాలేమీ చెప్పేది కాదు. ప్రభాకర్ అన్న కట్టిన ముడిని ఆమె లాగి చూసేది. ఆమె లాగి చూసినదాన్ని నేను లాగి చూస్తే మెచ్చుకోలుగా తలూపేది.

కొన్నాళ్లకు అనుమానం మా గదిలోకే వచ్చి కూర్చుంది. నేను శనివారం కోసం ఎదురుచూస్తున్నానని నర్సింగ్ గమనించాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి ఒకరోజు అడిగాడు. "అక్కడ ఏమున్నది?"

"ఏం లేదు" అన్నాను. నాకు అంతకంటే బాగా చెప్పడం రాలేదు.

"ఏం లేనిదానికి గింత సంబురమేంది?"

ఆ తర్వాత నేను స్నానానికి వెళ్లినప్పుడు నా ఫోన్ తీసి చూడటం మొదలుపెట్టాడు. చూస్తున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. అయినా ఇద్దరం ఆ మాట ఎత్తకుండా అన్నం వడ్డించుకుని తినేవాళ్లం. పుట్టింటికి వెళ్లిపోదామని బట్టలు కూడా సర్దుకుని, చివరి నిమిషంలో పైకి వెళ్లి విమలక్కకు చెప్పాను. ఏడుస్తానని అనుకున్నాను. కోపంతో ఏడుపు కూడా రాలేదు.

ఆమె అంతా విని, "మీ అత్తమ్మకు మా మీద అనుమానమొస్తే ఏం చేసింది?" అని అడిగింది.

"నన్ను పంపింది."

"మంచిగ చేసింది. కడుపుల పెట్టుకోకుండ మనిషిని పంపింది. నువ్వు గూడ గట్లనే చెయ్యి. ఆయననే రమ్మను. కండ్లతోటి చూడమను. రానంటే అప్పుడు కోపం చేసుకో, నేను గూడ నీ పక్కకు నిలబడత."

నేను కిందికి దిగి, సర్దిన బట్టలు మంచం మీదే వదిలేసి, ఆ మాటే అతనికి చెప్పాను. అతను బట్టల వంక చూశాడు. వాటిని పక్కకు జరిపి మంచం మీద కూర్చుంటూ, "వస్త" అన్నాడు.

ఆ రోజుల్లోనే మా డాబా మీద పడవ తయారవుతోంది. అది పడవ అని మాకు తప్ప ఎవరికీ తెలియదు. టార్పాలిన్ కింద పొడుగ్గా ఏదో ఉందని మాత్రం అందరికీ తెలుసు. వాళ్లు క్రైస్తవులు కదా, ముందుగానే శవపెట్టెలు చేయించి పెట్టుకుంటున్నారని గల్లీలో ఒక మాట పుట్టింది. ప్రభాకర్ అన్న సెలవు రోజుల్లో సన్నటి ప్లైవుడ్ చెక్కలు వంచి, కుట్టి, అతికించి, వార్నిష్ మీద వార్నిష్ పూసేవాడు. ఇద్దరు ముగ్గురు కూర్చుని తెడ్లతో నడుపుకునే పడవ, కెనూ అంటారు. ఆయన ఇంకా పొడుగు చేద్దామనుకున్నాడట. విమలక్క ముందే టేపు పట్టుకుని గల్లీ మలుపు కొలిచి రాకపోతే అది ఎప్పటికీ గల్లీ దాటేది కాదు. ఆ కొలతలు చూసే ఖాజా భాయ్ వాళ్లను సర్కారు మనుషులనుకున్నాడని అప్పుడు తెలిసింది.

పడవను దించింది ఖాజా భాయే. ఒక ఆదివారం పొద్దున టెంట్‌హౌస్ వెదుళ్లు, మోకులు, మనుషులను తెచ్చి గోడకు వాలుగా నిచ్చెనలా కట్టించాడు. "ఫికర్ చెయ్యకుండ్రి, పెండ్లిపందిరి కంటే అల్కగనే ఉన్నది" అన్నాడు. విమలక్క ప్రతి మోకునూ లాగి చూస్తుంటే ఆయనకు మొదట చిన్నతనమనిపించి మొహం తిప్పుకున్నాడు. ఒక మోకు ఆమె చేతిలో పురి విడిపోయింది. ఆయన దాన్ని పక్కన పడేసి కొత్తది తెప్పించాడు. పడవ నేలకు ఆనగానే గల్లీ మొత్తం దాని చుట్టూ మూగింది. అత్తమ్మ లోపలికి తొంగిచూసి, ఖాళీగా ఉందని నిర్ధారించుకుంది.

తర్వాతి వారమే, పడవను ఖాజా భాయ్ టెంట్‌హౌస్ బండిలో పంపి, మేం బస్సులో సాగర్ డ్యాం వెనక నీళ్లకు వెళ్లాం. నర్సింగ్ దారి పొడుగునా కిటికీ బయటికే చూశాడు. ఒడ్డుకు చేరాక విమలక్క నేరుగా నీళ్ల దగ్గరికి పోలేదు. చేపలు పట్టేవాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్లి, ఏదో మాట్లాడి, మేం ఎక్కడ ఉండబోతున్నామో చేయి చాపి చూపించి వచ్చింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. నర్సింగ్‌కు ఈత వచ్చు, అయినా లైఫ్ జాకెట్ వేయించి, పట్టీలు తానే బిగించింది. ఆ తర్వాత ఆకాశం వంక, అవతలి ఒడ్డు వంక చూస్తూ, "ఇంకో గంట ఆగుదాం. అటు దిక్కు నీళ్ల రంగు మారింది" అంది.

"నీకు దేవుని మీద గూడ అనుమానమే" అన్నాడు ప్రభాకర్ అన్న.

"దేవుని మీద లేదు. గాలి మీద ఉన్నది."

"ఏం కాదు విమలా. గా లంక దాకా పోయి వస్తం." నర్సింగ్ కూడా ఉత్సాహంగా తెడ్డు అందుకున్నాడు. నా ముందు చిన్నబోకూడదని కాబోలు. ఆమె ఇద్దరి పట్టీలూ ఇంకోసారి లాగి చూసి వదిలింది. వాళ్లు సగం దూరం వెళ్లారు. నీళ్ల మీద నల్లటి గీతలాంటిది ఒకటి అవతలి వైపు నుంచి జరుగుతూ రావడం నాకూ కనిపించింది. అది గాలి. పడవ పక్కకు తిరిగింది, ఒక్కసారి ఊగింది, బోల్తాపడింది.

నేను చీర కుచ్చిళ్లు ఎత్తుకుని నీళ్లలోకి పరిగెత్తాను. విమలక్క నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. అంత చిన్న మనిషిలో అంత బలం ఎక్కడిదో. "నువ్వు దిగితే ముగ్గుర్ని తేవాలె. ఆగు. తలకాయలు కనవడతున్నయి, చూడు. పడవను పట్టుకున్నరు" అంది. అప్పటికే చేపలవాళ్ల గుండ్రటి పుట్టి పడవ ఒకటి గుడిసెల వైపు నుంచి బయల్దేరింది. పొద్దున ఆమె చెప్పి వచ్చింది ఇందుకేనని అప్పుడర్థమైంది. గుండ్రంగా తిరుగుతూ అది వాళ్లను చేరేదాకా ఆమె నా జబ్బ వదల్లేదు. మర్నాటికి అక్కడ ఆమె వేళ్ల గుర్తులు కమిలి కనిపించాయి.

ఒడ్డుకు వచ్చాక నర్సింగ్ వణుకుతూ నా పక్కన కూలబడ్డాడు. ప్రభాకర్ అన్న పళ్లు కటకటలాడుతుంటే, "ఏం కాలేదు గద" అన్నాడు. ఆమె తిట్టలేదు. తువాలుతో ఆయన తల తుడిచింది. చాయ్ పెడదామని స్టవ్వు ముందు కూర్చుంది. గీయబోతే అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోతున్నాయి. నేను అగ్గిపెట్టె తీసుకుని వెలిగించాను. ఆమె ఆ మంట వంకే చూస్తూ, నాకు మాత్రమే వినబడేట్టు అంది. "అనుమానమంటే ఎదుటి మనిషిని తక్కువ చేసుడనుకుంటరు. నాకు ఆయన ఇంటికి తిరిగి రావాలె. గంతే."

వాళ్ల సంచిలో, గుట్టల మీద, ఆ నవ్వుల వెనక నేను వెతుకుతున్నది అదేనని నాకు ఆ చాయ్ తాగుతుంటే తోచింది. దాచిపెట్టింది ఏమీ లేదు. వాళ్లకు ఒకరంటే ఒకరికి ఇష్టం, బయట తిరగడమంటే ఇష్టం. అంత తేలికైన సంగతిని నమ్మడానికే నాకు అంతకాలం పట్టింది. బస్సులో నర్సింగ్ నా భుజం మీద తల ఆనించి, "మళ్లెప్పుడు పోదాం?" అన్నాడు. ఆ తర్వాత నా ఫోన్ మంచం మీద పడి ఉన్నా అతను తాకలేదు. తాకలేదని నాకెలా తెలుసంటే, కొన్నాళ్లు నేనూ చాటుగా గమనించాను.

ఏళ్లు గడిచాయి. వాళ్లిద్దరూ రిటైరయ్యారు. నలుగురం కలిసి ఎన్నో గుట్టలెక్కాం, ఎన్నో నీళ్లు చూశాం. రెండేళ్ల కిందట ఒక గుట్ట దిగుతుంటే ప్రభాకర్ అన్న హఠాత్తుగా ఆగిపోయాడు. "నువ్వు రాళ్లను తడతలేవు విమలా" అన్నాడు.

నేనూ అప్పుడే గమనించాను. ఆమె తట్టి చూడకుండా నేరుగా కాలు వేస్తోంది. తట్టే ఓపిక లేక.

"వయసైతున్నది గద. ఏం కాదు" అంది ఆమె.

"ఎందుకు కాదు? నాకైతే అనుమానంగ ఉన్నది. రేపే దవాఖానకు పోదాం." ఆ మాట ఆయన నోటి నుంచి వినడం నాకు అదే మొదటిసారి. ఆమె ఆయన వంక వింతగా చూసింది. తర్వాత బుద్ధిమంతురాలిలా ఆయన చేయి పట్టుకుని మిగతా గుట్ట దిగింది.

కడుపులో గడ్డ అన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే నెలల్లోనే అయిపోయేదన్నారు. ఆయన పట్టుదల వల్ల మాకు ఆమె ఇంకొంతకాలం మిగిలింది. మందుల మధ్య తెరిపిచ్చిన రోజుల్లో ఆమెను పడవ మధ్యలో కూర్చోబెట్టుకుని, ముందు నేను, వెనక ప్రభాకర్ అన్న తెడ్లు వేసేవాళ్లం. బయల్దేరే ముందు ఆయన మబ్బు చూసి, పట్టీలు లాగి, చేపలవాళ్లకు చెప్పి వచ్చేసరికి పొద్దెక్కేది. ఆమె విసుక్కునేది. ఆ విసుగులో సంతోషం ఉండేది.

ఆమె పోయాక ప్రభాకర్ అన్న సికింద్రాబాద్‌లో చెల్లెలి ఇంటికి మారాడు. పడవ మాకిచ్చాడు. ఖాజా భాయ్ గోదాములో వెదుళ్ల పక్కన ఉంటుంది. అత్తమ్మ పై పోర్షన్ మళ్లీ అద్దెకివ్వడానికి ఇంకా ఒప్పుకోవడం లేదు. వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో అంటుంది.

ఎవరైనా నన్ను అనుమానంగా చూస్తే నాకిప్పుడు కోపం రావడం లేదు. అడగనీ అని ఎదురుచూస్తాను. మొన్న నేనూ నర్సింగూ సంచులతో రైల్లో వెళ్తుంటే ఎదురుగా కూర్చున్న ఒకావిడ మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసి, చివరికి ఉండబట్టలేక, "ఎటు పోతున్నరమ్మా గింత సామాన్‌తోటి?" అంది. గుట్ట ఎక్కడానికని చెప్పాను. మొక్కు ఉందా అంది. లేదన్నాను. అక్కడ భూమి గిట్ల కొన్నారా అంది. లేదన్నాను. "మరెందుకు?" అంది. ఇష్టమని చెప్పాను. ఆవిడ నర్సింగ్ వైపు తిరిగి, ఇది నిజమేనా అన్నట్టు చూసింది. అతను నిజమేనని తలూపాడు. ఆవిడ నమ్మలేదు. దిగే స్టేషన్ వచ్చేదాకా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.